కొత్త ప్యాడ్లు వేసినా బ్రేకు కీచుమంటోందా? షిమ్‌లు, క్లిప్పులు, పిన్నుల పని ఇంట్లోనే చేసుకోవడం ఎలా

తమ్ముడూ, నీది తిరుపతి, కారు పాత స్విఫ్ట్. కొన్ని నెలల కింద ముందు చక్రాలకు కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయించావు. అప్పటి నుంచి నెమ్మదిగా వెళ్తూ బ్రేకు మీద కాలు పెడితే కీచుమని అరుస్తోంది. తిరుమల కొండ దిగి అలిపిరి చేరేసరికి ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. చక్రం విప్పి చూస్తే ఎడమవైపు లోపలి ప్యాడ్ సగానికి పైగా అరిగిపోయింది, బయటిది మాత్రం దాదాపు కొత్తదే. షెడ్డులో అడిగితే ప్యాడ్ల క్వాలిటీ బాగాలేదు, వేరే కంపెనీవి వేద్దాం అన్నారు. మళ్లీ ప్యాడ్లు మార్చాలా, లేక షిమ్‌లు (ప్యాడ్ వెనక పెట్టే రేకులు), క్లిప్పులు (ప్యాడ్‌ను పట్టి ఉంచే చిన్న స్టీలు ముక్కలు) తెచ్చుకుని ఇంట్లోనే వేసుకోవచ్చా అని అడిగావు.

నువ్వు చెప్పిన గుర్తులన్నీ చూస్తే తప్పు ప్యాడ్లది కాదు, వాటిని పట్టి ఉంచే సామానుది. ప్యాడ్లు మార్చడమంటే పాతవి ఊడదీసి కొత్తవి పెట్టడమే అన్నట్టు చాలాచోట్ల పని జరుగుతోంది. పాత క్లిప్పులు కదపరు. పిన్నులు బయటికి లాగి చూడరు. షిమ్ రేకు వంగిపోయి ఉంటే తీసి పక్కన పడేస్తారు. బ్రేకు పడుతూనే ఉంటుంది కాబట్టి బండి యజమానికీ అనుమానం రాదు. అరుపు, వాసన తర్వాతెప్పుడో మొదలవుతాయి, అప్పుడు నింద ప్యాడ్ల మీద పడుతుంది. ఇంకో సెట్టు ప్యాడ్లు కొన్నా ఇదే కథ మళ్లీ జరుగుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

క్యాలిపర్ అంటే చక్రంతో తిరిగే డిస్కుకు రెండువైపుల నుంచీ ప్యాడ్లను అదిమే పట్టు. నీ కారులో ఉన్నది ఫ్లోటింగ్ క్యాలిపర్, అంటే అటూ ఇటూ జరిగే రకం. దానికి పిస్టన్ లోపలి వైపు ఒక్కటే ఉంటుంది. నువ్వు పెడల్ నొక్కగానే పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ను డిస్కుకు ఆనిస్తుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ను అటువైపు నుంచి లాగి డిస్కుకు అదుముతుంది. అలా జరగడానికి దానికి రెండు పిన్నులే ఆధారం. పిన్నులు గ్రీజు ఎండిపోయి బిగుసుకుంటే క్యాలిపర్ కదలదు. పని మొత్తం లోపలి ప్యాడ్ మీద పడుతుంది, కాలు తీశాక కూడా అది డిస్కును వదలదు. నీ ఎడమ చక్రంలో జరుగుతున్నది ఇదే అని నా నమ్మకం. లోపలిదీ బయటిదీ సమానంగా అరిగి, ఒక్కో ప్యాడ్ మాత్రం ఒక కొస మందంగా, ఇంకో కొస పలచగా ఏటవాలుగా ఉంటే అప్పుడు క్లిప్పుల దగ్గర ప్యాడ్ చెవులు (రెండు కొసల్లో పొడుచుకొచ్చిన అంచులు) ఇరుక్కున్నాయేమో చూడాలి. రెండు తప్పులూ ఒకే చక్రంలో ఉండటం కూడా మామూలే.

ఇక కీచుమనే శబ్దం. ప్యాడ్ డిస్కు మీద రాసుకునేటప్పుడు సన్నగా, చాలా వేగంగా వణుకుతుంది. ఆ వణుకు ప్యాడ్ వెనక ఉన్న ఇనుప పలకలోంచి పిస్టన్‌కీ క్యాలిపర్‌కీ పాకి, మనకు అరుపుగా వినిపిస్తుంది. షిమ్ పని ఆ దారిని అడ్డుకోవడం. అది ఉత్త రేకు కాదు. మంచి షిమ్‌లో రెండు ఉక్కు పొరల మధ్య రబ్బరు పొరో, జిగురు పొరో ఉంటుంది. వణుకును అది మింగేస్తుంది. పిస్టన్ అంచు ప్యాడ్ మీద ఒకేచోట గుచ్చకుండా ఒత్తిడిని పరుస్తుంది, ప్యాడ్ వేడి పిస్టన్‌కు పాకడాన్ని కొంత తగ్గిస్తుంది కూడా. షిమ్ లేకపోతే బ్రేకు పడకుండా పోదు, ఆ మాట నిజమే. అందుకే "అవసరం లేదులే" అనేస్తారు. కానీ తయారీదారు దాన్ని లెక్కలో పెట్టుకునే ఆ బ్రేకును తయారుచేశాడు, ఊరికే పెట్టలేదు.

శబ్దాన్ని బట్టి కూడా కొంత తెలుస్తుంది. మెల్లగా నొక్కితే కీచుమని, గట్టిగా నొక్కితే ఆగిపోతే షిమ్‌లనూ క్లిప్పులనూ చూడు. గుంతల రోడ్డు మీద టకటకమంటూ, బ్రేకు మీద కాలు పెట్టగానే ఆగిపోతే ప్యాడ్ వదులుగా ఆడుతోంది, క్లిప్పు లేదు లేదా సాగిపోయింది. గరగరమని ఇనుము ఇనుముకు రాసినట్టుంటే ఆలస్యం చేయకు, ప్యాడ్ అయిపోయి పలక డిస్కును కోస్తూ ఉండొచ్చు. రాత్రంతా వానలో నిలబెట్టిన కారు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరుకుగా శబ్దం చేయడం మాత్రం జబ్బు కాదు. డిస్కు మీద పట్టిన పలచటి తుప్పు, రాసుకుని పోతుంది.

ఇంట్లో చేసుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు. కానీ చక్రం విప్పి బిగించడం చేతికి అలవాటై ఉండాలి, తొందర ఉండకూడదు. మొదటిసారి ఈ పని తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉంటే మంచిది. బ్రేకు విషయంలో సగం తెలిసి చేసిన పని మనతోపాటు ఎదుటివాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. నీ కారుకు వెనక డ్రమ్ములు కాబట్టి ఈ పని ముందు చక్రాలకే. వెనక కూడా డిస్కులున్న కార్లవాళ్లు ఇది చదివి వెనక చక్రాలు విప్పొద్దు. హ్యాండ్‌బ్రేక్ ఆ క్యాలిపర్‌లోనే ఉంటే పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే కంప్యూటర్ పెట్టాలి. అది వర్క్‌షాపు పని.

స్పేర్ పార్ట్స్ షాపులో ఈ సామానును హార్డ్‌వేర్ అంటే అర్థం కాకపోవచ్చు. ప్యాడ్ క్లిప్పులు, షిమ్ సెట్టు, క్యాలిపర్ పిన్ను బూట్లు (పిన్నుల్లోకి నీళ్లు, దుమ్ము పోకుండా ఉండే రబ్బరు కవర్లు) అని విడివిడిగా అడుగు. మోడల్, ఏ సంవత్సరం బండి, పెట్రోలా డీజిలా అన్నీ చెప్పు, పాత క్లిప్పు ఒకటి చేతిలో ఉంటే ఇంకా మంచిది. ఒక కారు క్లిప్పు ఇంకో కారుకు దాదాపు సరిపోతుంది, కానీ ఆ దాదాపే ప్యాడ్‌ను బిగించేస్తుంది. వీటితోపాటు సిలికాన్ బ్రేక్ గ్రీజు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, ఇనుప బ్రష్షు, చిన్న ఆకురాయి, సి-క్లాంపు (సి ఆకారపు బిగింపు పనిముట్టు), మాస్కు, గ్లవ్స్ తెచ్చుకో. గ్రీజు విషయంలో బేరం వద్దు. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు పిన్నులకు పూస్తే పెట్రోలియం నూనె తగిలి బూట్ల రబ్బరు ఉబ్బిపోతుంది, కొన్ని నెలలకే పిన్ను ఊడిరానంతగా పట్టేస్తుంది. అదే కారణంతో రబ్బరు బూట్లను పెట్రోలుతోనో డీజిలుతోనో కిరసనాయిలుతోనో కడగకూడదు. నీ ఎడమ చక్రంలో ఎవరో ఇంతకు ముందు అలాంటి గ్రీజే పూసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

బండిని చదునైన గట్టి నేల మీద నిలబెట్టు. ఇంటి ముందు వాలు ఉంటే అక్కడ వద్దు. హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. చక్రం నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తర్వాత జాకీతో లేపు. లేపాక జాకీ మీద నమ్మకం పెట్టుకోకు, స్టాండు పెట్టు. తీసిన చక్రాన్ని కారు కిందికి పడుకోబెడితే ఇంకో రక్షణ. డిస్కులు వేడిగా ఉండగా మొదలుపెట్టకు. ఒకసారికి ఒకవైపే విప్పు, ఏది ఎటు ఉండాలో సందేహం వస్తే రెండోవైపు చూసి సరిచూసుకోవచ్చు. విప్పకముందే ఫోనుతో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకో.

పిస్టన్ లోపలికి నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ పైన డబ్బాలోకి తిరిగి వస్తుంది. డబ్బా అంచుదాకా నింపి ఉంటే పొర్లిపోతుంది, అది పెయింటును తినేస్తుంది. అందుకని ముందే మూత తీసి చూడు, ఎక్కువుంటే సిరంజితో కొంచెం లాగెయ్. కింది పిన్ను బోల్టు విప్పితే చాలా కార్లలో క్యాలిపర్ పైకి తిరుగుతుంది. కానీ నీ పని పిన్నులతోనే కాబట్టి రెండు బోల్టులూ విప్పు. తీసిన క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయొద్దు, స్ప్రింగుకు తీగతో కట్టు. అది బయట ఉండగా ఎవరూ పెడల్ నొక్కకూడదు, పిల్లలు బండిలో ఎక్కి ఆడుకోకుండా చూసుకో. ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదడం, గాలి పైపు పెట్టడం మంచిది కాదు, ఊపిరితిత్తులకు చెడ్డది. క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడువు.

ఇప్పుడు అసలు పని. ప్యాడ్లు తీశాక బ్రాకెట్‌లో, అంటే ప్యాడ్లు కూర్చునే ఇనుప చట్రంలో, నాలుగు చోట్ల చిన్న స్టీలు క్లిప్పులు కనిపిస్తాయి. ప్యాడ్ చెవులు వాటి మీదే జారతాయి, బల్ల సొరుగు దాని గాడిలో జారినట్టు. క్లిప్పు పైకి మెరుస్తూ బాగానే కనిపిస్తుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో తీసి కింద చూడు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మిగతా కాలమంతా ఎర్రదుమ్ము. ఆ రెండూ కలిసి క్లిప్పు కింద గట్టి పెచ్చులా కడతాయి. గోధుమరంగు తుప్పు గోరుతో గీకితే పొడిగా రాలుతుంది, దాని కింద ఇంకో పొర నల్లగా, రాయిలా అంటుకుని ఉంటుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది కదా. ఆ ఉబ్బు క్లిప్పును పైకి నెడుతుంది, క్లిప్పు ప్యాడ్ చెవిని నొక్కేస్తుంది. వెంట్రుకవాసి ఉబ్బు చాలు, ప్యాడ్ కదలకుండా పోవడానికి. ఆ తుప్పు మీదే కొత్త క్లిప్పు వేస్తే ఇంకా బిగుసుకుంటుంది. కొత్త క్లిప్పులు వేశాక కూడా బాగుపడలేదని చెప్పే చాలామంది బండ్లలో ఉన్నది ఇదే.

ఇనుప బ్రష్షుతో, అది పోని చోట ఆకురాయితో, అసలు ఇనుము కనిపించేదాకా గీకు. కానీ తుప్పునే తియ్యి, బ్రాకెట్ ఇనుమును అరగదీయకు. ఈ గీకుడుకు మిగతా పనంతటికీ పట్టినంత సమయం పట్టొచ్చు, పట్టనీ. శుభ్రమయ్యాక కొత్త క్లిప్పు టక్కున కూర్చోవాలి, సుత్తితో కొట్టాల్సి వస్తే ఇంకా తుప్పు మిగిలి ఉంది. ప్యాడ్ చెవుల మీద కూడా తుప్పు, ఊడిపోతున్న పెయింటు గీకేయి. తర్వాత ప్యాడ్‌ను క్లిప్పుల్లో పెట్టి వేలితో నెట్టి చూడు. వేలి ఒత్తిడికే జారాలి. వదిలితే తనంతట తాను కింద పడకూడదు. ఆ రెండూ కుదిరేదాకా ముందుకు వెళ్లకు. క్లిప్పుల మీద గ్రీజు దట్టించడం నాకు నచ్చదు. మన దుమ్ములో ఆ గ్రీజే గరుకు ముద్దగా మారుతుంది.

పిన్నులు లాగినప్పుడు చేతితోనే తేలిగ్గా రావాలి. నీ ఎడమ పిన్ను తిప్పుతూ లాగితే గానీ రాదని నా అంచనా. పైదీ కిందిదీ ఒకేలా ఉండకపోవచ్చు. కొన్ని కార్లలో ఒక పిన్ను కొసకు రబ్బరు తొడుగు ఉంటుంది, అది ఏ రంధ్రంలోంచి వచ్చిందో అక్కడికే వెళ్లాలి. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, పిన్నును వెలుతురులో తిప్పి చూడు. గుంటలు పడి ఉన్నా, వంగి ఉన్నా, తుప్పు తిన్నా మార్చెయ్, ఉప్పుకాగితంతో రుద్ది వాడొద్దు. పైపూత పోయిన పిన్ను మళ్లీ తుప్పు పడుతుంది. రంధ్రం లోపల కూడా గుడ్డ చుట్టిన సన్న పుల్లతో శుభ్రం చేయి. బూటు చిరిగి ఉంటే నీళ్లు పోయిన దారి అదే, కొత్తది వెయ్యి. సిలికాన్ గ్రీజు పిన్ను చుట్టూ పలచగా పూస్తే చాలు. ఎక్కువ పూస్తే లోపల గాలి చిక్కుకుని, నెట్టిన పిన్ను మళ్లీ బయటికి తన్నుకొస్తుంది. అలా వస్తే బూటు అంచు కొంచెం ఎత్తి గాలి వదిలి మళ్లీ కూర్చోబెట్టు.

షిమ్‌లకు ముందు ప్యాడ్ వీపు చూసుకో. కొన్ని ప్యాడ్లకు షిమ్ కంపెనీలోనే అతికించి వస్తుంది, దాని మీద ఇంకొకటి వేయకూడదు. మందం పెరిగి ప్యాడ్ డిస్కుకు రాసుకుంటుంది. విడిగా వేసే రకమైతే లోపలిదీ బయటిదీ ఆకారం తేడాగా ఉండొచ్చు, ఫోటోలతో సరిచూడు. చిన్న కొక్కేలు పలక అంచును గట్టిగా పట్టుకోవాలి, రేకు పలకకు పూర్తిగా ఆనుకోవాలి. కొక్కెం వదులై షిమ్ ఒకపక్కకు జారితే దాని అంచు డిస్కుకు తగిలి సన్నగా గీస్తుంది. షిమ్‌కూ పలకకూ మధ్య బ్రేకుల కోసం చేసిన పేస్టు పలచగా పూయమని సెట్టుతో వచ్చిన కాగితంలో ఉంటే పూయి, లేకపోతే వద్దు. ప్యాడ్ రాసుకునే ముఖానికీ డిస్కుకూ గ్రీజు వేలిముద్ర కూడా తగలకూడదు. డిస్కుకు తగిలితే క్లీనర్‌తో తుడిచేయొచ్చు, ప్యాడ్ పీల్చుకుంటే ఆ ప్యాడ్ ఇక పనికిరాదు.

ప్యాడ్లు మార్చాలా అన్నావు. అరిగిన లోపలి ప్యాడ్‌లో పలక కాకుండా మందు (డిస్కుకు రాసుకుని అరిగే పదార్థం) 5 మిల్లీమీటర్లకు పైగా ఉండి, ముఖం చదునుగా, పగుళ్లు లేకుండా ఉంటే వాడుకో. అంతకన్నా తక్కువుంటే, లేదా వేడికి ముఖం గాజులా నున్నగా మెరుస్తుంటే రెండు చక్రాలకూ కలిపి నాలుగూ మార్చు. ఒక్క ఎడమవైపే కొత్తవి వేస్తే బ్రేకు పక్కకు లాగుతుంది. అరుగుదల సర్దడానికి లోపలిది బయటికీ బయటిది లోపలికీ మార్చే అలవాటు కొందరికి ఉంది, అది చేయకు. అరుగుదలను చెప్పే చిన్న రేకు ఏ ప్యాడ్‌కు, ఏ కొసకు ఉందో అదే చోట ఉండాలి. డిస్కు కూడా చూడు, కనీస మందం చాలా డిస్కుల మీద అచ్చు వేసి ఉంటుంది.

పాత ప్యాడ్‌ను పిస్టన్‌కు అడ్డం పెట్టి సి-క్లాంపుతో నెమ్మదిగా లోపలికి పంపు. పిస్టన్ మొండికేసినా, దాని బూటు చిరిగి ఉన్నా, ఆయిల్ చెమ్మ కనిపించినా అక్కడితో ఆపి వర్క్‌షాపు మనిషిని పిలువు. అది క్యాలిపర్ లోపలి భాగాలు విప్పే పని, ఇంట్లో పని కాదు. అన్నీ సరిగా ఉంటే పిన్ను బోల్టులు బిగించు. వాటికి చిన్న కార్లలో మామూలుగా 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, బలం చూపిస్తే మర పోతుంది. నీ మోడల్ అంకె సర్వీసు పుస్తకంలో చూసుకుని టార్క్ రెంచితో (బిగువు ఎంతో చూపే స్పానర్) బిగించు.

చక్రం వేశాక ఇంజిను స్టార్ట్ చేయకముందే పెడల్ మెల్లగా పలుమార్లు నొక్కు. మొదట అది నేలదాకా పోతుంది, ఎందుకంటే పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంది. గట్టిపడేదాకా నొక్కి, ఆయిల్ మట్టం చూసి, డబ్బా మూత వెయ్యి. ఈ ఒక్కటి మరిచి గేటులోంచి బండి తీస్తే మొదటి బ్రేకు పడదు. స్టార్ట్ చేశాక మళ్లీ నొక్కి, ఇంటి ముందే నడక వేగంలో ఆపి చూడు. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే రోడ్డెక్కకు.

కొత్త ప్యాడ్లు వేసి ఉంటే తెల్లవారుజామున ఖాళీగా ఉండే బైపాసు మీదికి తీసుకెళ్లు. 50, 60 వేగం నుంచి 15 దాకా ఓ మోస్తరు బ్రేకుతో తగ్గించు, పూర్తిగా ఆపకు, కొంచెం దూరం చల్లారనిచ్చి మళ్లీ. అలా ఎనిమిది పది సార్లు చేస్తే ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి కుదురుకుంటాయి. ఇది చేయకుండా కొత్త ప్యాడ్లతో నేరుగా కొండెక్కడం మంచిది కాదు. దిగేటప్పుడు మనం వచ్చే మొదటి ఘాట్ 1944 నాటిది, ముప్పయ్యారు మలుపులు. 1974లో ఎక్కడానికి రెండో ఘాట్ వచ్చినా దిగడానికి ఇప్పటికీ అదే దారి. అక్కడ బ్రేకు పిన్ను పట్టేసిందా లేదా అన్నది వాసనతో బయటపడుతుంది. మోగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ కూడా అంతే. సామాను బాగున్న బండినైనా రెండో గేరులో ఇంజిను మీద ఆపుకుంటూ దిగాలి, బ్రేకు నొక్కి వదలాలి తప్ప కాలు దాని మీదే పెట్టి ఉంచకూడదు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ప్రమాణం 155 డిగ్రీలే. రెండేళ్లు దాటి ఉంటే అది కూడా మార్పించు, గాలి తీసే పని ఉంటుంది కాబట్టి షెడ్డులోనే. అలిపిరిలో ఆగి వేడి డిస్కు మీద నీళ్లు కొట్టేవాళ్లను చూస్తుంటాను, అలా చేస్తే డిస్కు వంకరపోయే ప్రమాదం ఉంది.

పని అయ్యాక వంద కిలోమీటర్ల లోపు చక్రం నట్లు మరోసారి బిగువు చూడు. మొదటి వారంలో ఒకసారి బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి, ఆగి, కుడి ఎడమ చక్రాల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి వేడి పోల్చు, డిస్కును ముట్టుకోకు. రెండూ సమానంగా ఉంటే నీ ఇబ్బంది పిన్నులు, క్లిప్పులదే, తీరిపోయింది. ఎడమది ఇంకా ఎక్కువ వేడెక్కుతుంటే పిస్టన్ అయినా పట్టేస్తోంది, ఆ చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టం లోపల అయినా మూసుకుపోయి ఆయిల్‌ను వెనక్కి వదలడం లేదు. అప్పుడు కొండకు తీసుకెళ్లకుండా వర్క్‌షాపులో ఆ రెండూ చూడమని చెప్పు. కొత్త ప్యాడ్లు అమ్మబోతే మాత్రం ముందు క్యాలిపర్ విప్పి చూపించమను.